హెడ్డుగారికి నేను చెప్పిన సినిమా

బందరులో మా పక్కింటి హెడ్డుగారు పోయారని సోమవారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను గుడివాడలో బస్సెక్కి వెళ్లేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక సీడీల షాపులో వెతికించి ఒక పాత ఇంగ్లీషు సినిమా డీవీడీ తెచ్చుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఇన్నేళ్లూ దేనికి భయపడ్డానో అదే అందులో ఉంది.

ఆయన హెడ్ కానిస్టేబులుగా రిటైరై మా పక్క వాటాలో దిగారు. ఎవరింటికి వెళ్లినా గేటు దగ్గరే ఆగి, "నేనేనండీ, ఊరికే వచ్చాను" అనేవారు. అన్నం తినని పిల్లల్ని పోలీసొస్తాడని ఎవరైనా బెదిరిస్తే అలా అనొద్దని, వాళ్లు నిజంగానే భయపడతారని మెల్లగా చెప్పేవారు. ఇంగ్లీషు రాదు గానీ ఇంగ్లీషు పోలీసు సినిమాలంటే ప్రాణం. ఆదివారాలు కేబుల్లో వస్తుంటే మా ఇంట్లో కూర్చుని చూసేవారు. ఇంగ్లీషు ఎమ్మే చదువుతున్న నేను పక్కనుండి తెలుగులో చెప్పాలి.

అలా ఒక ఆదివారం వచ్చిన ఈ సినిమా పేరున్నదేం కాదు. నలుపు తెలుపు బొమ్మ, రెండు మూడు గదులు, ఒక వీధి. ఒక నడివయసు డిటెక్టివ్ దొంగతనం కేసులో తప్పు మనిషిని పట్టుకుని నానా బాధలూ పెడతాడు. తర్వాత అసలు దొంగ దొరుకుతాడు. చివర్లో డిటెక్టివ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ అమాయకుడి ఇంటి మెట్లెక్కి తలుపు కొడతాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటారు. ఆ యాస నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నామోషీ.

"ఏమంటున్నాడమ్మా?"

"తప్పయిపోయిందంటున్నాడండీ. అతనేమో పర్లేదు, లోపలికి రమ్మంటున్నాడు."

ప్రకటనలు మొదలైనా హెడ్డుగారు తెరవైపే చూస్తూ ఉండిపోయారు. దివిసీమలో పనిచేసేటప్పుడు వలల దొంగతనం కేసులో తానూ ఒక అమాయకుణ్ణి కొట్టానని అప్పుడు చెప్పారు. ఆ మనిషి ఇప్పటికీ అక్కడే, సముద్రపొడ్డున పాలకాయతిప్ప దగ్గర ఉంటాడట. వెళ్లి కలుస్తాననీ, మాట సాయానికి నన్నూ రమ్మనీ అడిగారు. పరీక్షలున్నాయన్నాను. వాటికింకా రెండు నెలలుంది.

ఒక్కరే వెళ్లారు, మూడుసార్లు. మొదటి రెండుసార్లూ ఆ మనిషి ఇంట్లోంచి బయటికే రాలేదు. మూడోసారి మాత్రం, ఇంక రావద్దండీ, మిమ్మల్ని చూస్తే మా అమ్మ వణికిపోతోంది అన్నాడట. హెడ్డుగారు మళ్లీ వెళ్లలేదు. "సినిమాలో వాడు అదృష్టవంతుడమ్మా" అన్నారు నాతో, అంతే. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఆ తర్వాత ఎన్నేళ్లో పక్కపక్కనే ఉన్నాం. చెప్పలేదు.

ఇవాళ డీవీడీలో మాటలు కింద అక్షరాలుగా పడ్డాయి. డిటెక్టివ్ క్షమాపణేమీ అడగలేదు. స్టేషన్లో ఉండిపోయిన చేతి గడియారం తిరిగిచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు. అతను సంతకం పెట్టి తలుపేసుకున్నాడు. అక్కడితో సినిమా అయిపోయింది.

సినిమాలో మనిషి చేయని పని హెడ్డుగారు చేశారు కదా, మంచిదేగా అని సర్దిచెప్పుకోబోతాను. కానీ ఆ గుమ్మం వెనక వణికిన ముసలమ్మకు నేనేం చెప్పగలను? లోపలికి రమ్మంటారని నా మాట నమ్మి, అంత దూరం బస్సులో వెళ్లిన ఆయనకేం చెప్పగలను?

మూడోసారి వెళ్లొచ్చిన సాయంత్రం ఆయన మా అరుగు మీద కూర్చుని చెప్పారు. ఆ మనిషి ఇంటిముందు ఇసుకలో చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడట. రావద్దని చెప్పాక మళ్లీ తలెత్తలేదట. వలను కాలి వేళ్ల మధ్య బిగించి, ఎడమచేత్తోనే ఒక్కో ముడీ వేస్తున్నాడట. ముడుచుకోని కుడిచేతి వేళ్లు ఒళ్లో అలా వెల్లకిలా ఉన్నాయట.