గొర్రెపిల్ల నెత్తిన మూట

నా తోడికోడలంటే నాకు కుళ్లు. ఇప్పుడు దాచి లాభం లేదు, మా ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే ఆ సంగతి తెలిసింది.

కడపలో మాది ఉమ్మడి కాపురం. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, నాదొకటి, ఆమెదొకటి. పిల్లలు బడికి తగిలించుకుపోయే గుడ్డ సంచులు కుట్టి, వాటి మీద రంగులతో బొమ్మలేసి అమ్మేవాళ్లం. ఎక్కువ కుట్టేది ఆమె. గీసేదాన్ని నేను. టీవీలో వచ్చే ఒక పిల్లి బొమ్మ నా చేతికి బాగా అలవాటైపోయింది. ఏ ఇంటి పిల్లను అడిగినా దాని పేరు చెబుతుంది. ఫోన్లో ఒక అమ్మకాల సైటులో నా పేరుతో దుకాణం తెరిచాక ఆ పిల్లి నేను చూడని ఊళ్లకు కూడా పోయింది. మీ చేతిలో కళ ఉందని ఎవరో రాస్తే, ఆ ముక్క మా ఆయనకు మూడుసార్లు చదివి వినిపించాను.

ఆమెది కోసిగి వైపు. ఒకరోజు మిగిలిపోయిన సంచి మీద ఆమె గొర్రెపిల్లను గీసింది. నెత్తిన పెద్ద మూట. ఒక చెవి వాలిపోయి ఉంది, నాలుగు కాళ్లూ నాలుగు తీర్లు.

"ఏమ్మే, గొర్రెను సంకకు తగిలించుకొని బడికి ఎవురు పోతారు?" అన్నాను.

ఊరికే గీసినాలే అక్కా అని ఆమె నవ్వేసింది. పాపమని నేనే ఫోటో తీసి దుకాణంలో పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఎవరూ కొనరన్న ధైర్యంతోనే పెట్టాను.

కొన్నారు. కొన్నవాళ్లు మళ్లీ అడిగారు. గొర్రెపిల్ల ఉందా, గొర్రెపిల్ల ఎప్పుడొస్తుంది, ఇదే గోల. నా పిల్లి గురించి అడిగేవాళ్లు తగ్గారు. ఫోన్ మోగితే చాలు నాకు ఒళ్లు మండేది. ఆ వంకర కాళ్లలో ఏం చూశారో అని సంచి ముందర పెట్టుకొని చూసేదాన్ని. చూసేకొద్దీ నాకూ అది నచ్చుతుండేది, దాంతో కడుపుమంట ఇంకా ఎక్కువయ్యేది.

అంతలో సైటువాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పిల్లి మీద హక్కులున్న కంపెనీ అభ్యంతరం చెప్పిందట, నా పిల్లి సంచులన్నీ దుకాణంలోంచి తీసేశారు. మిగిలిన బొమ్మలు ఎవరు గీశారో రాసి పంపమన్నారు. మిగిలింది ఒక్కటే, గొర్రెపిల్ల.

మా వీధిలో ఉండే లాయరు దగ్గరకు పోయి కొట్లాడినంత పని చేశాను. గీసింది నా చెయ్యి, రంగు నాది, తోక కూడా మార్చాను, ఇంకా వాళ్లదెట్లా అవుతుందని అడిగాను. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. ఇంట్లో గోడకు గీసుకుంటే నీ గడప తొక్కి అడిగేవాడు ఉండడు, అమ్మకానికి పెట్టావంటే బొమ్మ గలవాళ్ల అనుమతి ఉండాలి, తోక మారిస్తే పిల్లి మారదు అన్నాడు. మరి సొంతంగా గీసిన బొమ్మకైతే ఎక్కడికి పోయి రాయించుకోవాలని అడిగాను. ఎక్కడికీ పోనక్కర్లేదమ్మా, గీసిన నిమిషం నుంచే అది గీసినవాళ్లది అన్నాడు.

ఆ మాట చెవులారా విని ఇంటికొచ్చాను. వచ్చి, సైటులో గీసినవారి పేరు అని ఉన్న చోట నా పేరు రాశాను. ఆమె పక్కనే మిషన్ తొక్కుతోంది. దుకాణం నా పేరు మీద ఉంది కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు కమలాపురం నుంచి ఒక చిన్న బడి నడిపే టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తన బడి పిల్లలందరికీ గొర్రెపిల్ల సంచులే కావాలంది. సైటులో పేరు చూసింది కాబట్టి నాతోనే మాట్లాడింది. కుర్చీ వేశాను, టీ ఇచ్చాను, పొగుడుతుంటే తల వంచుకొని విన్నాను. లేచి పోయే ముందు ఒక సంచి చేతిలోకి తీసుకొని అడిగింది.

"పిల్లలు అడుగుతాండారమ్మా, ఈ మూటలో ఏముండాది?"

"గుడ్డలు," అన్నాను.

వెనక మిషన్ ఆగిపోయింది. టీచరమ్మ సరేనని వెళ్లిపోయింది. తోడికోడలు నా వైపు తిరగలేదు, సూదిలో దారం ఎక్కిస్తూనే మాట్లాడింది.

"గుడ్డలు కాదక్కా. నా బడి పుస్తకాలు. సుగ్గికని ఊరిడిసి కూలికి పోయేటప్పుడు మా యమ్మ గిన్నెలతో పాటు వాటిని గూడా మూట కడతాండె. కూలి పనులు అయిపోయి మళ్లా ఊరికొచ్చేదాకా ఆ మూట ఇప్పేదే లేదు."

పేరు సంగతి ఆమెకు మొదటి రోజే తెలుసట. అడగలేదు, అంతే. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ సిగ్గులో కూడా ఓర్వలేకపోయాను. నా పిల్లిని అన్నేళ్లు గీశాను, అది ఎక్కడికి పోతోందో, దాని దగ్గర ఏముందో ఒక్కరూ నన్ను అడగలేదు.

ఆమె ఎదురుగానే ఫోన్ తీసి సైటులో నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను. తర్వాత టీచరమ్మకు ఫోన్ చేసి, గొర్రెపిల్లను గీసింది మా తోడికోడలనీ, మూటలో ఉన్నవి పుస్తకాలనీ చెప్పాను. టీచరమ్మ అంతా విని మెల్లగా అడిగింది.

"మరి నువ్వు గీసిందేదమ్మా?"

పిల్లి అన్నాను.

"ఏ పిల్లి?" అందామె.

టీవీలో వచ్చేది అని చెప్పాను.