పొద్దుటి పాయలాకు

నా చిన్నప్పుడు నరసాపురం దగ్గర ఇసుక నేలలో ఉండేది మా ఇల్లు. నడి వేసవిలో పెరట్లో అన్నీ మాడిపోయేవి, ఒక్క గంగపాయల మొక్క తప్ప. నేలకు అంటుకుని పాకే ఆ మొక్కకు బొద్దుగా, నున్నగా చిన్న చిన్న ఆకులు. గిల్లితే గోరు తడిసేటంత నీరుండేది వాటిలో. ఆ ఆకుతో మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, చింతపండు రవ్వంత కూడా వేయకుండా పుల్లటి పప్పు వండేది. ఆ పప్పుంటే నాన్నగారు ఇంకేమీ అడిగేవారు కాదు.

ఒక ఏడు మా వదిన మెట్ట వైపు నుంచి బండి దిగి, కాలువ పడవెక్కి కాపురానికి వచ్చింది. ఆమె చేత మొదటిసారి వంట చేయిస్తూ మామ్మ ఆ పప్పే వండమంది. తెల్లారకముందే ఆకు కోసి వదినకు ఇవ్వమని ముందు రోజు సాయంత్రమే నాకు చెప్పింది. నాకేమో మొద్దు నిద్ర! లేచేసరికి బారెడు పొద్దెక్కింది. ఆపైన ఆటల్లో పడ్డాను. ఎండ నడినెత్తికి వచ్చాక పరుగున కోసుకొచ్చి ఇచ్చాను. ఆకు ఆకే కదా అనుకున్నాను.

పప్పు చప్పగా వచ్చింది. నాన్నగారు రెండు ముద్దలు తిని లేచిపోయారు. ఇక అమ్మ అందుకుంది. "ఇంత పప్పు ఉడకేయడం రాని పిల్లనా మాకు అంటగట్టారు? రేపే మీ వాళ్లకి కబురు పెడతాను, తీసుకెళ్లి వంట నేర్పి పంపమని." వదిన, "మామ్మగారు చెప్పినట్టే చేశానండి, అత్తయ్యగారూ" అంటూ ఏడ్చింది. నేను స్తంభం చాటున దాక్కున్నాను. మామ్మ మాత్రం బుట్టలో మిగిలిన పచ్చి ఆకు ఒకటి నమిలి, నా వంక చూసింది.

మర్నాడు మామ్మ మసక చీకటి ఉండగానే నన్ను లేపి, పెరట్లో ఒక ఆకు తెంపి నమలమంది. అబ్బ, పళ్లు జివ్వుమన్నాయి! ఆ కొమ్మకు తన కొంగులోని పోగు లాగి గుర్తుగా కట్టింది. మధ్యాహ్నం అదే కొమ్మ ఆకు మళ్లీ నమిలించింది. గడ్డి నమిలినట్టుంది.

"రాత్రంతా పులుపు కూడబెట్టుకుంటుందే ఇది. పొద్దెక్కాక తన పులుపు తనే తినేస్తుంది. నువ్వెప్పుడు కోశావో నిన్న నాకు ఆకే చెప్పింది. మీ అమ్మకి ఎవరు చెప్పాలి?" అంది మామ్మ.

కొట్టలేదు, తిట్టలేదు. వీధి గుమ్మం దగ్గర, కబురు తీసుకెళ్లే మనిషి అప్పటికే తలపాగా చుట్టుకుంటున్నాడు. పరుగున పోయి అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ నా వీపు మీద నాలుగు అంటించి, ఆ మనిషిని వెళ్లొద్దంది. వదిన నన్ను ఒక్క మాట అనలేదు సరికదా, వీపుకు నూనె రాసింది. దెబ్బలకు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

ఈమధ్య కాలేజీలో చదివే నా మనవరాలు ఆ సంగతంతా వివరించింది. ఎండలో ఆకు తన సన్నటి రంధ్రాలు తెరిస్తే దాచుకున్న నీరు ఆవిరైపోతుందట. అందుకని నీళ్లకు కరువైనప్పుడు ఆ మొక్క రాత్రి చల్లదనంలో గాలి పీల్చుకుని, దాన్ని పులుపుగా మార్చి ఆ బొద్దు ఆకుల్లో దాస్తుందట. పగలు రంధ్రాలు మూసుకుని, ఆ పులుపులో దాచిన గాలితోనే ఎండ వెలుగులో తన తిండి తను వండుకుంటుందట. అక్షరం ముక్క రాని మా మామ్మ ఆ పులుపు రాకపోకలన్నీ ఒక్క నాలుకతో కనిపెట్టింది, నా తప్పుతో సహా. ఎంత మనిషి!

మా ఇంట్లో వంట చెడిన రోజున ఇప్పటికీ నేను వండినవాళ్ల మీద కేకలేయను. ఆకు కోసిందెవరని అడుగుతాను.