ఫిదేలియా ముందు తల్లిని మూసింది

మొక్కజొన్న మర వెనక ఉండే ఫిదేలియా ఊక్ చేతులు మా టెకాష్ ఊళ్ళో సగం నడుములకు తెలుసు. వాళ్ళ అమ్మమ్మ మంత్రసాని. ఆవిడ దగ్గర ఒళ్ళు పట్టడం నేర్చుకున్నది చాలక, నలభై దాటాక ఐదేళ్ళు ప్రతి శనివారం బస్సెక్కి మెరిదా పట్నం వెళ్ళి, ఎముకలూ కీళ్ళూ చేత్తోనే సరిచేసే ఆస్టియోపతీ వైద్యం చదివింది. "ఎలా పుట్టామో మనం మర్చిపోతాం గానీ పిన్నీ, ఒళ్ళు మర్చిపోదు" అంటుంది నాతో. అదేమిటో చూడాలని పని లేకపోయినా వెళ్ళి కూర్చుంటాను.

మొన్న ఫిబ్రవరిలో మా పక్కింటి నైదాని నేనే లాక్కెళ్ళాను. నెలన్నర బిడ్డ విల్బెర్త్ మెడ ఎప్పుడూ ఎడమకే. కుడికి తిప్పితే గానీ అందని ఎడమ రొమ్ము పట్టడు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు, కానీ తాగకపోతే అటు పాలు ఇంకిపోతాయన్నాడు. నేను దిష్టి అనుకుని ఎర్రదారం కట్టి, గుడ్డు కూడా తిప్పాను. ఏం లాభం?

"నామీద కోపం పిన్నీ వాడికి" అంది నైదా. "పంతొమ్మిది గంటల నొప్పుల్లో 'వీడు నాకొద్దు' అని అరిచాను. విన్నాడు."

ఫిదేలియా బిడ్డని ముట్టుకోలేదు. "నిన్ను మూశారా?" అంది.

బాలింత తుంటి చుట్టూ శాలువా బిగించడాన్నే మేం మూయడమంటాం. ఆసుపత్రి కాన్పుకి అక్కర్లేదందిట వాళ్ళత్త.

"అయితే ముందు నువ్వే." నైదాని చాప మీద పడుకోబెట్టి, శాలువా ఒక కొస నా చేతికిచ్చింది. "లాగు పిన్నీ, నోరు కాదు, చేతులు ఆడించు!"

లాగాను. నైదా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుతోపాటే పాలు వచ్చి రవిక తడిసింది. ఫిదేలియా అప్పుడు బిడ్డ మెడ కింద రెండు వేళ్ళు పెట్టి, తిప్పకుండా, ఊరికే ఉంచింది.

"పంతొమ్మిది గంటలు ఇరుకులో మెడ మెలిపడి వచ్చాడు. నువ్వూ ఆ ఇరుకు పడ్డదానివే. నువ్వు అరిచావు, వాడు బిగుసుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే భయం."

"మరి రెండు వేళ్ళతో పోతుందా?" అన్నాను.

"నీ గుడ్డు కన్నా నయం!"

ఆ రోజు వాడు పట్టలేదు. రెండోసారీ లేదు. నైదా పాలసీసా కొనేసింది కూడా. మూడోసారి ఉయ్యాలమంచంలో వాణ్ణి తల్లికి ఎడమపక్కన పడుకోబెట్టి ఫిదేలియా మెడ కింద వేళ్ళు ఉంచింది. వాడు మూలిగాడు, ఆవలించాడు, మెల్లగా కుడికి తిరిగి ఎడమ రొమ్ము అందుకున్నాడు.

"అబ్బా, ఎంత గట్టిగా లాగుతున్నాడో!" నైదా ఏడుస్తూనే నవ్వింది.

"కోపమున్నవాడు అలా తాగుతాడటే పిచ్చిదానా?" అంది ఫిదేలియా.