గీత జరిగిన నాడు

నా చిన్నప్పుడు, నల్గొండ పక్కన మా పల్లెలో గోల్ఫ్ అన్న మాట ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు నార్కట్‌పల్లిలో నా మనవరాలు హాల్లో చాప పరిచి, గోల్ఫ్ కర్రతో తెల్ల బంతిని నెట్టి, పడుకోబెట్టిన గ్లాసులోకి పంపాలని చూస్తుంది. బంతి పోదు. కర్ర విసిరికొడుతుంది. కొన్న వస్తువును అట్లా పారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ పిల్ల ఉక్రోషం నాకు కొత్త కాదు.

మా మేనత్త కొడుకు, అంటే మా బావ, తన జట్టుతో ఇంటి వెనక జాగాలో గోళీకాయలతో గోటీలు ఆడేవాడు. గీత దగ్గర నిలబడి గోటీని దొర్లించి గుంతలో వేయాలి. ఆడపిల్లనని నన్ను రానిచ్చేవాళ్లు కాదు. బతిమాలగా బతిమాలగా ఒకనాడు బావ, "గీత కాడికెల్లి గుంతల ఎయ్యి. నిన్ను గూడ ఆడనిస్తం" అన్నాడు.

దొడ్డి ముందు గుంత తవ్వుకుని మొదలుపెట్టాను. పొద్దంతా మేకల వెంట తిరుగుతూ, చేలో పడేవాటిని రాళ్లతో అదిలించే చెయ్యి నాది. మెల్లగా విడవడం దానికి తెలియదు. ఎన్నిసార్లు వేసినా గోటీ గుంత దాటి ముళ్లకంపలో పడేది. ఏడుపొచ్చేది.

మా తాత చూసి, "గది మేకనా బిడ్డా, గట్ల కొడుతున్నవ్? గొర్రెపిల్లకు పాలు తాపెటప్పుడు చెయ్యి ఎట్ల పెడ్తవ్?" అన్నాడు. గుంత చుట్టూ పుల్లతో ముఖం గీశాడు. కళ్లు, మీసం పెట్టాడు. గుంతే నోరు.

"గీడు మీ బావ. ఆకలైతాందట. జర నోట్ల పెట్టు, కంట్ల పొడువకు."

మొదట నన్ను ముఖం పక్కనే కూర్చోబెట్టాడు. నోట్లో పడితేనే వెనక్కి జరగాలి. మీసానికి తగిలితే, "అయ్యో, నా మనవని మూతి పాయె!" అని మూలిగేవాడు. నవ్వి నవ్వి, నేర్చుకుంటున్నానన్న సంగతే మరిచాను.

మర్నాడు బావ జట్టు ముందు గీత దగ్గర నుంచి వేశాను. గోటీ దొర్లుతూ పోయి గుంతలో పడింది. బావ ముఖం మాడిపోయింది. మడమతో గీత చెరిపి, బాగా దూరంగా ఇంకోటి గీశాడు. "గీత గక్కడ గాదే, గిక్కడ!" మళ్లీ వేశాను. పడలేదు. అందరూ ఇకిలించారు.

తాత ముందు కాలు నేలకేసి కొట్టాను. "ఆడు దొంగ!"

"దొంగనే. గని నిన్నటి దూరం నీకు వచ్చేసింది గద. ఇగ ఏం ఆడుతవో అనుకున్న. గిప్పుడు కొత్త దూరం దొరికింది."

ఆ మాటకు ఇంకా మండింది. అయినా గోటీ తీసుకుని గుంత దగ్గర కూర్చున్నాను.

బావ జట్టు నన్ను ఎన్నడూ కలుపుకోలేదు. తర్వాత కూడా నా ముందు గీత జరిపినవాళ్లు చాలామందే తగిలారు. వాళ్లలో ఒక్కరి మీదా నాకు కోపం పోలేదు. కానీ ఎంత కోపంలో ఉన్నా, పని మీద పెట్టే చెయ్యి మాత్రం మెత్తగానే పెడతాను.