కింద వచనం

మొన్న నరసరావుపేట బస్టాండులో నా పక్కన కూర్చున్నామె చిన్న సీసా మూత తీసి మనవరాలి నుదుట నూనె రాసింది. కొబ్బరినూనెలో మల్లె సెంటు కలిపిన వాసన. ప్రార్థన చేసిన నూనె అని ఆమె చెప్పకముందే నాకు తెలిసింది. ఒక వేసవంతా మా ఇంట్లో ఆ వాసనే. కరుణమ్మ టీచరు లేకపోతే మా అమ్మ ఆ వేసవి దాటేది కాదు.

గురజాల దగ్గర మా ఊరి బడిలో పంతులమ్మ ఆవిడ. ఆదివారాలు చర్చిలో పిల్లలకు వాక్యం చెప్పేవారు. ఎవరైనా వచనం గడగడా అప్పజెబితే మెచ్చుకునేవారు కాదు. "పై వచనం ఏంది? కింద వచనం ఏంది?" అని అడిగేవారు. సాతాను కూడా ప్రభువు ముందు లేఖనమే వల్లించాడనీ, తనకు అక్కర్లేని చోటు రాగానే ఆపేశాడనీ చెప్పేవారు. నా నోటి దురుసును ఊరంతా తిట్టేది. ఆవిడ మాత్రం ఆ ప్రశ్నలు అడగటం నేర్పి దానికి పని చూపించారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఊళ్ళోకి కొత్త బోధకుడొకాయన వచ్చాడు. విశ్వాసమున్నవాళ్ళకు మందులతో పనిలేదన్నది ఆయన బోధ. అమ్మకు షుగరు. మిరప కల్లంలో కాలికి దెబ్బ తగిలి పుండైతే, మాత్రలు మానేసి ఆయనిచ్చిన నూనె రాసుకోసాగింది. పుండు నల్లబడింది. సెలవులకొచ్చిన నేను అరిచాను, వాదించాను. చదువుకుని అవిశ్వాసివయ్యావంటూ అమ్మ మొహం తిప్పుకుంది. ఇక టీచరును పిలుచుకొచ్చాను.

ఆ సాయంత్రం మా వాకిట్లో ప్రార్థన కూడిక. రోగికి నూనె రాసి ప్రార్థించమనే వచనమూ, విశ్వాస ప్రార్థన రోగిని బాగుచేస్తుందనే వచనమూ చదివి, మాత్ర మింగటమంటే దేవుణ్ణి శంకించటమేనన్నాడు బోధకుడు.

"అయ్యగారూ, కింద వచనం కూడా చదవండి" అన్నారు టీచరు.

"అది వేరే సంగతమ్మా."

"పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమన్న సంగతేగా. మీతోనే మొదలుపెడదాం. ఇందులో నూనె ఉంది, ప్రార్థన ఉంది. మందు మానమని ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. మందు అవిశ్వాసమైతే మీ ముక్కు మీద ఆ కళ్ళజోడేందయ్యా?"

జనం నవ్వారు. ఆయన ముగింపు ప్రార్థన కూడా చేయకుండా లేచి వెళ్ళిపోయాడు. నా సంతోషం చూసి టీచరు కసురుకున్నారు. "గెలిచామనుకోమాకే. మీ అమ్మ ఇంకా మాత్ర ఏసుకోలా."

నిజమే. దైవసేవకుణ్ణి తన గడపలో అవమానించామని అమ్మ అన్నం కూడా ముట్టలేదు.

పొద్దున నేను లేచేసరికి టీచరు మళ్ళీ మా ఇంటికొచ్చి, నేల మీద కూర్చుని, అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని పుండు కడుగుతున్నారు. బోధకుడి ఊసే ఎత్తలేదు. కడగటం అయ్యాక అమ్మ అరచేతిలో మాత్ర పెట్టి, దానిమీద తన చెయ్యి వేశారు.

"అన్నానికి ప్రార్థన చేసుకుంటాంగా మార్తమ్మా. దీనికీ చేద్దాం."

"దేవుడు నా మీద అలగడా టీచరమ్మా?"

"బిడ్డ మందేసుకుంటే అలిగే తండ్రి ఎక్కడన్నా ఉంటాడా?"

అమ్మ చానాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు మూసుకుని కృతజ్ఞత చెప్పి, మాత్ర మింగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఒక కాలివేలు తీసేశారు. కాలు దక్కింది, మనిషి దక్కింది.

టీచరు ఇప్పుడు లేరు. తప్పుడు బోధలు మాత్రం ఫోనుల్లోకి ఎక్కి ఇంటింటికీ వస్తున్నాయి. నేనూ ఊరుకోను. మా సంఘంలో నన్ను చూస్తే కొందరు ప్రసంగీకులు కింద వచనం కూడా చూసుకుంటారు. వాదించి గెలవటం నాకు బాగానే వచ్చు. గెలిచిన మర్నాడు పొద్దున్నే ఓడినవాళ్ళ ఇంటికెళ్ళి, వాళ్ళ పుండు కడగటమే ఇంకా నేర్చుకుంటున్నాను.