హమీదా వేళ్లు, సాంబశివరావు లాభం

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో షౌకత్‌కు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. ఎనభై ఎనిమిదిలో అతను మద్రాసు నుంచి సామాను తెప్పించి, చెక్కపెట్టెలో పాత టీవీ బిగించి, వీడియో గేమ్ మిషన్ ఒకటి తయారుచేసి కొట్టు ముందు గదిలో పెట్టాడు. అందులో ఉన్నది ఒకటే ఆట, పరుగు పందెం. కింద ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని ఎంత గబగబా నొక్కితే తెర మీద మనిషి అంత గబగబా పరిగెత్తుతాడు. మనం ఆపితే వాడూ ఆగుతాడు. గీత దాటడానికి ఎవరికి ఎంతసేపు పట్టిందో మిషనే లెక్క ఉంచుకుంటుంది. సాయంత్రం అయ్యేసరికి పేటలో కుర్రాళ్లంతా ఆ బటన్ చుట్టూ చేరేవాళ్లు. అందరికన్నా ముందు గీత దాటించేది దానియేలు. అతను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేవాడు. వేళ్లంటే దానియేలువే వేళ్లని ఊరంతా ఒప్పుకున్న మాట.

షౌకత్ భార్య హమీదా ఆ గదిలోకి వచ్చేది పొద్దున పూట ఊడ్చి తుడవడానికే. ఇల్లు కొట్టు వెనకే. కుర్రాళ్లు వచ్చే వేళకు ఆమె పరదా లోపలికి వెళ్లిపోయేది. ఒకప్పుడు ఆ వీధిలో ఏ సాయిబుల ఇంట పెళ్లయినా ఢోలక్ దగ్గర కూర్చునేది హమీదానే. అది వాళ్లమ్మ అమీనా బీ నేర్పిన వాయింపు. అమ్మ పోయిన తరువాత హమీదా ఢోలక్ ముట్టలేదు. పిలిచేవాళ్లు పిలిచి పిలిచి మానుకున్నారు. వేళ్లు మాత్రం ఊరుకునేవి కావు. అన్నం ఉడుకుతుంటే గిన్నె పక్కన గట్టు మీద వాటంతట అవే ఆడేవి. చూసుకుని గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకునేది.

ఒకనాడు మిషన్ తుడుస్తుంటే బటన్ నొక్కుకుపోయి, తెర మీద మనిషి ఒక అడుగు వేశాడు. హమీదా ఉలిక్కిపడింది. షౌకత్ నవ్వి, ఏం కాదులే, ఇంకా నొక్కమన్నాడు.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే ఒక్క వేలితో, భుజం బలమంతా పెట్టి పొడిచింది. సగం దూరం పోయేసరికి చెయ్యి కొయ్యబారింది. మర్నాడు మణికట్టు చెక్కకు ఆనించి, చెయ్యి వదులుగా ఉంచి, చూపుడు వేలు, నడిమి వేలు ఒకదాని వెనక ఒకటి పడేట్టు వాయించి చూసింది. మనిషి పరుగు మారిపోయింది. ఇక రోజూ అదే పని. బటన్‌ను అడుగంటా తొక్కక్కర్లేదని, వేలు ఎక్కువ ఎత్తు లేపితే అక్కడే వేగం పోతుందని తెలుసుకుంది. ఊపిరి బిగబడితే చివర్లో వేళ్లు తడబడుతున్నాయని కనిపెట్టి, మామూలుగా పీల్చడం అలవాటు చేసుకుంది. గోళ్లు మొదలంటా తీసేసుకుంది. కొన్నాళ్లకు తెర మీది మనిషి దానియేలు కన్నా ముందు గీత దాటాడు.

షౌకత్ సంతోషం పట్టలేకపోయాడు. టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేశాడు. చూపించబోతే ఏముంది, మధ్యలో కరెంటు పోయింది, మిషన్‌లో ఉన్న లెక్కంతా చెరిగిపోయింది. సైకిళ్ల కొట్టు శౌరి ఊరుకుంటాడా.

"మిషన్ నీదే, బటన్ నీదే, పెళ్లామూ నీదేనాయె. లోపల ఏ తీగె ఎక్కడ కలిపావో ఎవరు చూడొచ్చారు భాయ్?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ మాట ఊళ్లో పడింది. షౌకత్ మిషన్ మోసపు మిషన్ అన్నారు. సాయంత్రాలు గది పలచబడింది. షౌకత్ ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు. తన చేతివల్ల అతని మాట అబద్ధమైందని హమీదాకు గుచ్చుకుంది.

"అందరి ముందర నేనే నొక్కుతాను. మన మిషన్ మీద వద్దు, ఇంకోటి చూడండి," అంది.

దారి చెప్పింది దానియేలే. ఎదురుగా బియ్యం కొట్టు సాంబశివరావు దగ్గర పెద్ద మీటల కాలిక్యులేటర్ ఉంది. దానికి ఒకటి కలపమని చెప్పి, సమానం మీట నొక్కుతూ పోతే నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది. గడియారం పట్టుకుని పది సెకన్లకు ఆపితే సరి, ఎవరి వేగం ఎంతో అదే చెబుతుంది. ఆమె రెండు వేళ్లు వాడుతుందని శౌరి అడ్డం చెప్పబోతే, తాను పది వేళ్లతో బతుకుతున్నానని, రెండింటికి ఏడ్చేదేముందని దానియేలే అతని నోరు మూయించాడు.

ఆదివారం బియ్యం బస్తాల మధ్య జనం నిలబడ్డారు. హమీదా కొంగు తల మీదకు లాక్కుని షౌకత్ పక్కన నిలుచుంది. ముందు దానియేలు. సాంబశివరావు తానే అంకెలు కొట్టి, చేతి గడియారం చూసి కానివ్వమన్నాడు. పది సెకన్లకు డెబ్భై నాలుగు పడింది. అంతలో బేరం వస్తే, తరువాతది సిద్ధం చేయమని షౌకత్‌కు చెప్పి ఆయన కాటా దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చి గడియారం పట్టాడు. హమీదా మణికట్టు బల్లకు ఆనించింది. మొదలెట్టాక ఆమెకు జనం కనపడలేదు.

చూస్తే, అదీ డెబ్భై నాలుగే.

"సమానం. దాటిందన్నారు, దాటలేదుగా," అన్నాడు శౌరి.

షౌకత్ తల దించుకున్నాడు. దానియేలు మాత్రం కాలిక్యులేటర్ వైపే చూస్తున్నాడు.

"బాబాయ్, నాకు మొదట ఏం కొట్టావు?"

"ఏం కొడతానురా. లాభం కొట్టి, దానికి ఒకటి కలిపా."

లెక్క ఎత్తుకునేటప్పుడు సాంబశివరావు నోట ఒకటి అనే మాట రాదు. గింజలు కొలిచేవాళ్లంతా మొదటి కొలతను లాభం అనే అంటారు. ఆయనది ఇంకా ముదురు అలవాటు, సున్నాతో లెక్క ఎత్తుకుంటే కొట్టుకు మంచిది కాదంటాడు.

"నువ్వేం కొట్టావు షౌకత్ భాయ్?"

"సున్నా. దానికి ఒకటి కలిపా."

"అదీ సంగతి. నేను మొదటిసారి నొక్కగానే రెండు పడింది, అక్కకు ఒకటే పడింది. ఏందా అనుకున్నా. నా దాంట్లో ఒకటి నేను నొక్కింది కాదు, బాబాయ్ లాభం. నాది డెబ్భై మూడే."

జనం గొల్లుమన్నారు. సాంబశివరావు కూడా నవ్వాడు. అప్పుడు హమీదా మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"ఆ లాభంతో గెలిచానని రేపు అనిపించుకోను. మళ్లీ పెట్టండి. ఇద్దరికీ సున్నా నుంచే."

మళ్లీ పెట్టారు. దానియేలుకు డెబ్భై రెండు వచ్చింది. హమీదా వేళ్లు ఈసారి ఆడుతున్నట్టు కూడా లేవు, మీట మీద వణుకుతున్నట్టున్నాయి. డెబ్భై ఎనిమిది. శౌరి కాలిక్యులేటర్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. దానియేలు తన విద్యార్థులకు చెబుతానని, ఆ మణికట్టు ఎలా ఆనించాలో చూపించమని అక్కడే అడిగాడు. షౌకత్ ఆ పూట టీ కొట్టు ముందు నుంచి కావాలని రెండుసార్లు నడిచాడు.

అప్పటినుంచి సాయంత్రాలు హమీదా పరదా ఇవతలే స్టూలు వేసుకుని కూర్చునేది. కొట్టు మీద బోర్డు షౌకత్ పేరుతోనే ఉన్నా, ఊళ్లో అది హమీదక్క మిషన్ అయింది. చిలకలూరిపేట నుంచి కూడా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. శౌరి కొన్నాళ్లు మొహం చాటేసి, చివరికి తనూ వచ్చాడు. అలవాటు కొద్దీ భుజం ఎగరేసి బటన్‌ను పొడుస్తుంటే హమీదా పక్కన చెక్క మీద వేలితో తట్టింది.

"భుజం దించు తమ్ముడూ. ఆ బటన్ నిన్నేమన్నా తిట్టిందా?"

శౌరి భుజం దించాడు. తెర మీద మనిషి పరుగందుకున్నాడు.