అల్లుడి వేళ్ల ముద్ర

మా చిన్నల్లుడు పడవెక్కే ముందు రెండు చేతుల వేళ్లూ మెలేసి, అర్థంకాని మాటలు తొమ్మిది గొణిగేవాడు. ఫోన్ ఆటలో నేర్చుకున్నాడట.

"జపాన్ మంత్రం అత్తా. ఈ ముద్రలు పడితే దెబ్బ తగల్దు, పక్కా."

"జపానోళ్లు మన ఈ దీవుల్ని ఏలినప్పుడు మా అమ్మ దుంపలు తవ్వుకు తింది బాబూ. ఆళ్ల మంత్రం మనకేటి పెడతాది?" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పడవలో ఇంజన్ మోతకి మాట వినబడదు. ముందు నిలబడినవాడు చేత్తోనే చెప్పాలి. చేతులు కలిపి తలపైకెత్తితే వల వదలమని. ఒకనాడు రాళ్ల దగ్గర పెద్ద అల లేస్తే అల్లుడు హడలిపోయి, చేతులెత్తి ముద్ర పట్టాడు. వెనకనున్న మా ఆయన వల వదిలేశాడు. మూడేళ్లుగా నేను అతుకులేసి కాపాడుకున్న వల రాళ్లకి చిక్కి ముక్కలైంది.

"నా తప్పేంలేదత్తా. ఇంకా ఎనిమిది ముద్రలున్నాయి, మావయ్య మొదటిదానికే వదిలేశాడు!"

ఆ ముక్కలతో కాకరపాదుకి పందిరి కట్టాను. అల్లుడు వేరే పని చూసుకుని, చాతం రేవులో ఫెర్రీ ఎక్కి మా అమ్మాయితో అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ వెళ్లిపోయాడు. ఫెర్రీ మీంచి చెయ్యి ఊపాడు. నేను నా చేతులు కొంగులోనే ఉంచుకున్నాను. బదులుగా ఊపితే దానికేం అర్థం తీస్తాడో!